రీఫ్ ట్యాంకుకి ఏ సాల్ట్? నా ఓటు రెడ్ సీ నీలం డబ్బాకే

ఇంట్లో రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు (కోరల్స్) పెంచే ఉప్పునీళ్ళ అక్వేరియం పెట్టుకున్నాను. వైజాగ్‌లో ఉంటూ దానికి ఉప్పు డబ్బులిచ్చి తెప్పించుకుంటున్నావా అని అడగనివాళ్ళు లేరు. ఆర్కే బీచ్ ఇంత దగ్గర పెట్టుకుని విదేశీ ఉప్పు కొనడం చూసేవాళ్ళకి పిచ్చిగానే ఉంటుంది మరి. ముందు ఆ సంగతి తేల్చేసి అప్పుడు డబ్బాల దగ్గరికి వద్దాం.

ఒడ్డున బకెట్‌తో ముంచుకొచ్చేవి సముద్రం నీళ్ళే, కాదనను. కానీ వాటిలో ఇసుక, బురద, పడవల డీజిల్, ఊరి మురుగు కూడా ఉంటాయి. అవన్నీ ఎలాగోలా వడగట్టుకున్నా ఉప్పదనం నిలకడగా ఉండదు. రీఫ్‌కి 35 పీపీటీ, అంటే కిలో నీళ్ళలో 35 గ్రాముల లవణాలు కావాలి. మన తీరంలో వానలు వెనకబట్టాక, సెప్టెంబరు నుంచి నవంబరు దాకా, గంగా బ్రహ్మపుత్రల మంచినీళ్ళు ఒడ్డు వెంబడే కిందికి దిగొచ్చి అది 30 కంటే తక్కువకి పడిపోతుంది. ఎండాకాలంలో ఒక రకం నీళ్ళు, దసరాకి ఇంకో రకం.

ఇంక కళ్ళుప్పు ఎందుకు పనికిరాదంటే, నౌపడా వైపు మడుల్లో నీళ్ళు ఎండుతుంటే కాల్షియం చాలావరకు ముందే జిప్సంగా అడుగుకి దిగిపోతుంది, ఉప్పు గడ్డకట్టాక మిగిలే చేదు నీళ్ళని తీసేస్తారు, మెగ్నీషియం, పొటాషియం ఎక్కువగా ఆ నీళ్ళతోనే పోతాయి. చేతికొచ్చేది దాదాపు అంతా సోడియం క్లోరైడే. ఆవకాయకి అదే కావాలి, కోరల్‌కి అది చాలదు. సాల్ట్ మిక్స్ అని మనం డబ్బులు పెట్టేది ఆ పోయినవాటన్నిటినీ మళ్ళీ సరైన పాళ్ళలో కలిపి ఇచ్చినందుకు.

నాది 200 లీటర్ల ట్యాంకు, అన్నీ సాఫ్ట్ కోరల్సే. జొయాంథిడ్స్, మష్రూమ్స్, మధ్యలో ఒక టోడ్‌స్టూల్ లెదర్, ఒక జత క్లౌన్ చేపలు. (గట్టి పగడాలు, అంటే రాయి కట్టే రకాలు, మన దగ్గర వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. బీచ్‌లోంచో, డైవింగ్‌కి వెళ్ళినప్పుడో తెచ్చుకుందాం అనే ఆలోచన ఉంటే మానుకోండి.) ఈ వివరం ఎందుకు చెప్తున్నానంటే సాల్ట్ ఎంపిక మొత్తం మీ ట్యాంకులో ఏమున్నాయన్న దాని మీదే ఉంది, డబ్బా మీద ఏ అంకె పెద్దగా ఉందన్న దాని మీద కాదు.

చాలామంది షాపులో రెడ్ సీ అనే కంపెనీ రెండు డబ్బాలూ పక్కపక్కన చూసి, కోరల్ ప్రో అని రాసున్న నల్లది ఎత్తుకుంటారు. పేరులోనే కోరల్ ఉంది, ప్రో ఉంది, ఇంకేం కావాలి! అది చెడ్డ సాల్టేం కాదు. 35 పీపీటీ దగ్గర దాని ఆల్కలినిటీ (పగడాలు అస్థిపంజరం కట్టుకోడానికి వాడే కార్బనేట్ల నిల్వ, డీకేహెచ్ అనే కొలతలో చెప్తారు) 12 డీకేహెచ్‌కి అటూ ఇటూగా వస్తుంది, కాల్షియం లీటరుకు 450 మిల్లీగ్రాములు దాటుతుంది. సహజ సముద్రపు నీటిలో ఆల్కలినిటీ 7కి దగ్గర్లో, కాల్షియం 410-420, మెగ్నీషియం 1300 దగ్గర ఉంటాయి. అంటే నల్ల డబ్బాని కావాలనే ఎక్కువ మోతాదుతో చేశారు, రోజూ గబగబా అస్థిపంజరం కట్టుకునే గట్టి పగడాలు ఆ ఆల్కలినిటీని తినేస్తాయి కాబట్టి. నా మష్రూమ్స్ ఏం తింటాయి? దాదాపు ఏమీ తినవు.

లెక్క వేసి చూడండి. ట్యాంకు 8 డీకేహెచ్ దగ్గర ఉందనుకుందాం. 12 ఉన్న నీళ్ళతో 20 శాతం వాటర్ చేంజ్ చేస్తే ఆ రోజే 8.8కి ఎగబాకుతుంది. తినేవాళ్ళు లేరు కాబట్టి మళ్ళీ వారం చేస్తే ఇంకొంచెం పైకి, ఆపై వారం ఇంకొంచెం. అలా మెల్లగా 12 వైపే నడుస్తుంది. కోరల్స్‌కి కాస్త ఎక్కువా కాస్త తక్కువా పెద్ద గొడవ కాదు, ఈ ఎగుడు దిగుళ్ళే గొడవ. పైగా ఆల్కలినిటీ, కాల్షియం రెండూ ఎక్కువున్న నీళ్ళు వేడెక్కితే సున్నం విడిపోయి హీటర్ మీదా, పంపు రెక్కల మీదా తెల్లటి పెచ్చు కడుతుంది. మన ఎండలకి ఇది చిన్న విషయం కాదు.

నీలం డబ్బా (పేరు ఉట్టి రెడ్ సీ సాల్ట్, ఏ ప్రో లేదు) అదే 35 దగ్గర 8 డీకేహెచ్ చుట్టూ, కాల్షియం 430-450 మధ్య, మెగ్నీషియం 1300 దగ్గర వస్తుంది. నా ట్యాంకు ఉండేదీ దాదాపు అక్కడే. అందుకని నీళ్ళు మార్చిన రోజు కూడా జొయాంథిడ్స్ ముడుచుకోవు, లైట్ ఆఫ్ చేసి నీళ్ళు తీసి పోసి మళ్ళీ ఆన్ చేస్తే కాసేపట్లోనే అంచుల పీచంతా విప్పుకుని ఏమీ జరగనట్టే ఉంటాయి.

కలపడం కూడా తేలిక. డ్రమ్ములో ముందు నీళ్ళు, అందులో చిన్న పవర్‌హెడ్ (నీళ్ళని తిప్పే పంపు) తిరుగుతుండగా మగ్గుతో కొంచెం కొంచెంగా పొడి. వేసిన చోట పాలు ఒలికినట్టు తెల్లగా విచ్చుకుని పంపు వైపు తోకలా సాగుతుంది, కాఫీ తాగి వచ్చేసరికి డ్రమ్ము అడుగు కనిపిస్తుంది. ముందు ఉప్పు వేసి పైన నీళ్ళు పోయకండి, అడుగున ఆ చిక్కటి ద్రావణంలోనే కాల్షియం, కార్బనేట్ కలిసిపోయి సున్నంగా దిగిపోతాయి, మళ్ళీ కరగవు. నల్ల డబ్బా వాడేవాళ్ళైతే కలిపిన 4 గంటల లోపు ట్యాంకులో పోసెయ్యాలి, కంపెనీ చెప్పేదే అది. రాత్రి కలిపి పొద్దున పోసే అలవాటున్నవాళ్ళకి అది కుదరదు.

నచ్చనివి కూడా చెప్పాలిగా. 22 కిలోల డబ్బా మీద 660 లీటర్లు అని ఉంటుంది. అది తక్కువ ఉప్పదనానికి వేసిన లెక్క. 35కి రావాలంటే లీటరుకు సుమారు 38 గ్రాములు పడుతుంది, అంటే చేతికొచ్చేవి 575-580 లీటర్లే. (35 పీపీటీకి 38 గ్రాములేంటి అంటే, పొడిలో ఉన్న లవణాలు తమలోనే కొంత నీటిని పట్టుకుని ఉంటాయి, దాని బరువు అది.) రెండు బ్రాండ్ల ధరలు పోల్చేటప్పుడు డబ్బా ధర కాదు, ఈ లీటర్లతో భాగించి చూడండి.

రెండోది తేమ. దీనికి కంపెనీని అనలేం, మెగ్నీషియం క్లోరైడ్, కాల్షియం క్లోరైడ్ స్వభావమే అంత, గాల్లో చెమ్మ కనిపిస్తే పీల్చేస్తాయి. హైదరాబాద్ వాళ్ళకి ఈ టెన్షన్ తక్కువ, మన తీరం వాళ్ళకి డబ్బా మూత సగం తెరిచి మర్చిపోతే వారంలో పైపొర తడిసి ముద్దవుతుంది. చేత్తో నలిపితే పొడయ్యే ఉండలు పర్వాలేదు, రాయిలా బిగిసినవి మాత్రం అనుమానించాల్సిందే, కలిపాక ఆల్కలినిటీ కొలవకుండా పోయకండి. తడి పట్టిన ఉప్పుని గ్రాముల లెక్కన కొలవడం కూడా దండగ, రిఫ్రాక్టోమీటర్ (ఉప్పదనం కొలిచే పరికరం) చూసుకుంటూ వెయ్యాలి. ఆ రిఫ్రాక్టోమీటర్‌ని కూడా మంచినీళ్ళతో సున్నాకి పెట్టి వదిలెయ్యకుండా 35 పీపీటీ స్టాండర్డ్ ద్రావణంతో సరిచూసుకోండి, రెండిటికీ తేడా చాలానే వస్తుంది.

డబ్బా మొత్తం కొనలేం, కిలో రెండు కిలోలు లూజుగా ఇవ్వండి అని అడిగేవాళ్ళున్నారు, ఇచ్చే షాపులూ ఉన్నాయి. ఒక షాపు నుంచి ఇదే నీలం డబ్బాలోదని చెప్పి కవర్లో కట్టిచ్చిన సాల్ట్ కలిపి చూశాను. రాత్రంతా పంపు తిరిగినా నీళ్ళు తేటపడలేదు, అదే ఉప్పదనం దగ్గర ఆల్కలినిటీ డబ్బాలోది 8 చూపిస్తే అది 6 దగ్గరే ఆగింది. కావాలని మోసం చేశారని అనను, రవాణా కుదుపులకి సన్న పొడి కిందికీ పెద్ద గింజలు పైకీ చేరతాయి, పైనుంచి తోడి ఇస్తే ఎవరికి ఏ వాటా పడుతుందో తెలీదు. కానీ డబ్బు మాత్రం అసలు సరుకు కిలో ధర కంటే ఎక్కువే తీసుకున్నారు. 7 కిలోల చిన్న డబ్బా దొరుకుతుంది, అది కొనుక్కోండి. కొత్త డబ్బా ఏదైనా తెరిచేముందు గింజలూ పొడీ కలిసేలా పక్కకి పడుకోబెట్టి నేల మీద నాలుగు దొర్లింతలు దొర్లించండి.

నీళ్ళ గురించి ఒక్క మాట. వంటింటి ఆర్ఓ నీళ్ళే వాడుతున్నా అనేవాళ్ళు దాని టీడీఎస్ అడ్జస్టర్ ఒకసారి చూసుకోండి, అది రుచి కోసం కొళాయి నీళ్ళనే కొంత మళ్ళీ కలుపుతుంది. దాన్ని పూర్తిగా మూయించి, చివర ఒక డీఐ ఫిల్టర్ (ఆర్ఓ దాటొచ్చిన లవణాల్ని పట్టేసేది) పెట్టించుకుంటే తప్ప ఏ కంపెనీ సాల్ట్‌ కొన్నా పాచి పట్టిందని ఉప్పుని తిట్టుకుంటారు.

మిగతా బ్రాండ్లు త్వరగా. ట్రాపిక్ మారిన్ ప్రో రీఫ్ జర్మనీది, ఆల్కలినిటీ ఇంకా కాస్త తక్కువలో సముద్రానికి దగ్గరగా ఉంటుంది, చాలా శుభ్రంగా కరుగుతుంది. ధర చూసి వెనక్కి పెట్టేశాను, మీకు ఇబ్బంది లేకపోతే కళ్ళు మూసుకుని కొనుక్కోవచ్చు. రీఫ్ క్రిస్టల్స్ ఆల్కలినిటీ నల్ల డబ్బా దారిలోనే ఎక్కువ, డ్రమ్ముకి గోధుమ రంగు జిడ్డు పడుతుందని వాడేవాళ్ళు చెప్పేదే. మామూలు ఇన్‌స్టంట్ ఓషన్ ఆల్కలినిటీ 10-11 దగ్గర ఉంటుంది, కోరల్స్ లేని చేపల ట్యాంకుకీ, కొత్త చేపల్ని విడిగా ఉంచే క్వారంటైన్ ట్యాంకుకీ అది బ్రహ్మాండం, అక్కడ నీలం డబ్బా ఖర్చు చెయ్యడం అనవసరం. మీ దగ్గర ఏది ఏడాది పొడుగునా స్టాక్ ఉంటుందో కూడా ముందే కనుక్కోండి, మధ్యలో దొరక్క చేతికందిన డబ్బాకి మారాల్సివస్తే మాత్రం రెండూ సగం సగం కలుపుతూ కొన్ని వారాల మీద మారండి.