నాలుగేళ్లుగా పాలీహౌస్‌లో ఆర్థో ప్లస్: సగం పండిన క్యాప్సికం కోసం

ముందే చెప్పేస్తున్నా, ఇల్ఫర్డ్ ఆర్థో ప్లస్ అనే బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము అంటే నాకు చాలా ఇష్టం, కారణం ఒక్కటే: ఎరుపు దానికి కనపడదు. 2021 నుంచి వాడుతున్నాను, 120 సైజు రోళ్లు ఒక నలభై దాకా అయ్యాయి, దాదాపు అన్నీ చేవెళ్ల దగ్గర మా బావమరిది పాలీహౌస్‌లో తీసినవే. ఒక వైపు జెర్బెరా, ఇంకో వైపు క్యాప్సికం.

పాలీహౌస్ వెలుగు గురించి తెలిసినవాళ్లకు తెలుసు. పైనున్న షీటు ఎండను వడగట్టి అన్ని వైపులా పరిచేస్తుంది, నీడే ఉండదు, చూడటానికి ఎంతో హాయిగా ఉంటుంది. కానీ మామూలు బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము మీద ఎర్ర జెర్బెరా, దాని వెనక ఆకు రెండూ ఒకే బూడిద రంగులోకి దిగి కలిసిపోయేవి. ఎన్‌లార్జర్ కింద ప్రింటు చేసేటప్పుడు నలుపు తెలుపుల తేడా పెంచే కాంట్రాస్ట్ ఫిల్టర్ 4 పెట్టినా, 5 పెట్టినా పువ్వు ఆకులోంచి విడిపడేది కాదు. ఆర్థో ప్లస్ మీద ఆకు తెల్లబడి ఈనెలు తేలాయి, పువ్వు నల్లగా వచ్చింది. మొదటి ప్రింటు చూపిస్తే మా బావమరిది కంగారుపడ్డాడు. "ఏంది బావా, మా పువ్వులకు తెగులు పట్టిందా?" అన్నాడు.

జెర్బెరా కంటే నన్ను పట్టేసింది క్యాప్సికం. పచ్చ కాయ ఎర్రగా తిరిగేటప్పుడు సగం సగం మచ్చలు మచ్చలుగా ఉంటుంది కదా, ఈ ఫిల్ము మీద పచ్చగా ఉన్న చోటు లేత బూడిద, ఎర్రబడిన చోటు నలుపు. ఒకే కాయను మూడు రోజులకోసారి తీసి పక్కపక్కన ప్రింటు చేస్తే నలుపు ఎలా పాకుతుందో కనిపిస్తుంది. ఇంత సంతోషం నాకు ఇంకే ఫిల్ముతోనూ కలగలేదు.

ఎరుపు కనపడదు కాబట్టి ఎర్ర లైటులోనే డెవలప్ చేసుకోవచ్చని దీనికి పేరు. నేనూ అందరికీ అదే చెప్పేవాణ్ణి. ఇక్కడే దెబ్బ తిన్నాను. మా బాత్రూమే డార్క్‌రూమ్, అందులో దేవుడి గదిలో పెట్టుకునేలాంటి ఎర్ర జీరో బల్బు ఉండేది. ఏడాదిగా ప్రింట్లకు అదే, కాగితానికి ఏమీ కాలేదు. 2022 చలికాలంలో క్యాప్సికం రోలు ఒకటి ఆ బల్బు కిందే ట్రేలో డెవలప్ చేశాను. ఫిక్సర్‌లోంచి తీసి చూస్తే ఫిల్మంతా బూడిద ముసుగు వేసినట్టు ఉంది. ఆ కాయలు అప్పటికే కోసేశారు, మళ్లీ తీసే వీల్లేదు. డెవలపర్ పాతదైందనుకుని కొత్తది కలిపాను. తర్వాత కెమెరాలోకి వెలుగు దూరుతోందని అనుమానం వచ్చి దాన్ని బాగుకు ఇచ్చి మూడు వారాలు ఎదురుచూశాను, అందులో ఏ లోపమూ లేదన్నారు. నిజానికి ఫ్రేముల మధ్య ఖాళీలు, అంచులు కూడా ఒకేలా మసకబారి ఉన్నాయి. అది చూసైనా కెమెరా తప్పు కాదని నాకు తట్టాల్సింది.

చివరికి చీకట్లో చిన్న ఫిల్ము ముక్క కత్తిరించి, దాని మీద రూపాయి బిళ్ళ పెట్టి, ఆ బల్బు వెలిగించి ఎనిమిది నిమిషాలు ఉంచాను. తర్వాత పూర్తి చీకట్లో డెవలప్ చేస్తే చుట్టూ మసక, మధ్యలో బిళ్ళంత గుండ్రంగా తెల్లటి చోటు. బల్బును పట్టి చూస్తే హోల్డర్ దగ్గర రంగు గీసుకుపోయి సన్నగా పసుపు వెలుగు కారుతోంది. వెలుగుకు నెమ్మదిగా స్పందించే ప్రింటు కాగితం అది తట్టుకుంది, ఫిల్ము తట్టుకోలేదు. ఇప్పుడు ముదురు ఎరుపు సేఫ్‌లైటు, అదీ గోడ వైపు తిప్పి, ట్రేకు ఐదడుగుల దూరంలో. కొత్త లైటు ఏది కొన్నా ముందు రూపాయి బిళ్ళ పరీక్ష చేయకుండా దాని కింద ఫిల్ము విప్పను.

రోలు రెండు చివర్లూ పట్టుకుని ట్రేలో అటూ ఇటూ ఊపుతుంటే పాల రంగు మీద ఒక్కో కాయ నెమ్మదిగా తేలి రావడం ఇప్పటికీ నాకు అద్భుతమే. అయితే డెవలప్ అయ్యేది కంటితో చూసి ఆపేయొచ్చని నేను మొదట్లో అందరికీ చెప్పిన మాటను కొంచెం సవరించుకోవాలి. ఫిక్స్ కాని ఫిల్ము అసలు కంటే చిక్కగా కనిపిస్తుంది, సరిపోయిందనుకుని తీసేస్తే నెగెటివ్ పల్చబడుతుంది. కంటితో చూసి ఆపిన మొదటి ఆరు రోళ్లూ అలాగే పోయాయి. ఇప్పుడు గడియారాన్నే నమ్ముతాను, మా ట్యాంకు నీళ్లు 30 డిగ్రీలు దాటే ఏప్రిల్, మే నెలల్లో మాత్రం డెవలపర్‌ను ఐసు తొట్టిలో పెట్టి, కంటి సాయం కూడా తీసుకుంటాను.

ఇంకొకటి, సాయంత్రం ఐదు దాటాక దీన్ని లోడ్ చేయకండి. వెలుగులో ఎరుపు పెరిగేకొద్దీ ఫిల్ము స్పీడు, అంటే వెలుగును పట్టే శక్తి, పడిపోతుంది, వెలుగు కొలిచే మీటరు మాత్రం ఆ మాట చెప్పదు. నీటి తుంపర చల్లే ఫాగర్లు ఆగిన అరగంటకు, ఉదయం తొమ్మిదిలోపు, ట్రైపాడ్ మీద f/16, 1/8 సెకను, ఇదీ నా పద్ధతి. గాలి వీస్తే ఆ రోజు ఊరికే టీ తాగి వచ్చేస్తా.

కొనమంటారా అంటే, నాకు కిటికీ లేని బాత్రూమ్ ఉంది, ఆదివారాలు ఖాళీ, గేటు తీసే బావమరిది ఉన్నాడు. ఇవి లేనివాళ్లకు, అందులోనూ ఎర్ర గులాబీ రేకుల్లో మెలికలు కావాలనుకునేవాళ్లకు, మామూలు ఫిల్ముతో లెన్సుకు ఆకుపచ్చ ఫిల్టర్ తగిలిస్తే సరిపోవచ్చు. పువ్వు ఇంత నల్లగా రాదు, ఖర్చూ తక్కువ. నా దగ్గర ఫ్రిజ్‌లో ఇంకా ఏడు రోళ్లున్నాయి, రెండో వరసలో కాయలు రంగు తిరగడం మొదలైందని నిన్ననే ఫోన్ వచ్చింది.