అసలు పాటలు తెలియకుండా విన్న ఆల్బమ్: ‘ది బ్రేవ్ అండ్ ది బోల్డ్’

ఈ సీడీ నా దగ్గరికి వచ్చి పదిహేడేళ్లు దాటింది. 2007 డిసెంబరులో షికాగోలో, పాత సీడీలు అమ్మే ఒక చిన్న దుకాణంలో నాలుగు డాలర్లకు కొన్నాను. చదువు కోసం ఆ దేశం వచ్చి అప్పటికి నాలుగు నెలలు. చలికి తట్టుకోలేక లోపలికి వెళ్లాను. దుకాణంలో ఏదో పాట మోగుతోంది. ఒక మగ గొంతు నెమ్మదిగా, కొంచెం వణుకుతూ పాడుతోంది. దాని చుట్టూ పాత రేడియోలో స్టేషను కుదరనప్పుడు వచ్చే గరగరలాంటిది. పాట అయిపోయే దాకా అక్కడే నిలబడి, అది ఏ సీడీయో అడిగి తెచ్చుకున్నాను.

అది 2006 జనవరిలో ఓవర్‌కోట్ రికార్డింగ్స్ సంస్థ విడుదల చేసిన ‘ది బ్రేవ్ అండ్ ది బోల్డ్’. వాయించింది షికాగోకే చెందిన టోర్టస్ బృందం. దాదాపుగా గొంతే లేకుండా, డ్రమ్ములు, వైబ్రఫోను, గిటార్లు, సింథసైజర్లతో సంగీతం చేసేవాళ్లు. పాడింది బోనీ ప్రిన్స్ బిల్లీ అనే పేరుతో పాడే విల్ ఓల్డమ్. కెంటకీలోని లూయీవిల్‌కు చెందినవాడు. ఈయన బలమంతా గొంతూ మాటలే. మాటలతో పని లేని బృందమూ, మాటలే ప్రాణమైన గాయకుడూ కలిసి పది పాటలు చేశారు. పదీ ఇతరుల పాటలే.

కొన్న వారంలోనే కళాశాల కంప్యూటర్ ముందు కూర్చుని సమీక్షలు వెతికి చదివాను. మిశ్రమంగా ఉన్నాయి. మెచ్చినవాళ్లు ధైర్యాన్ని మెచ్చారు. నచ్చనివాళ్ల ఫిర్యాదులు ఇంచుమించు ఒక్కటే: ఇద్దరూ విడివిడిగా గొప్పవాళ్లే, కలిస్తే మాత్రం ఒకరి బలాన్ని ఇంకొకరు తగ్గించారు, వాయిద్యాలు గొంతును కప్పేశాయి, పాటల్లోని వెచ్చదనం పోయింది, ఈ పది పాటలకూ ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు. నేను చదివిన వాటిలో ఎక్కువ మంది ఆగిపోయింది రెండో పాట దగ్గర. అది బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1975లో పాడిన ‘థండర్ రోడ్’. అమెరికాలో ఆ తరం వాళ్లకు కంఠతా వచ్చిన పాట. దాన్ని ముట్టుకున్నవాళ్లను ఊరికే వదలరు.

ఆ సమీక్షకులకూ నాకూ ఒక పెద్ద తేడా ఉంది. వాళ్లకు పది పాటల్లో చాలావరకు ముందే తెలుసు. నాకు ఒక్కటీ తెలియదు. విజయవాడలో పెరిగిన నా చెవిలో త్యాగరాజ కృతులున్నాయి, సినిమా పాటలున్నాయి, ఆకాశవాణి ఉంది. స్ప్రింగ్‌స్టీన్ లేడు, ఎల్టన్ జాన్ కూడా లేడు. కాబట్టి నాకివి మళ్లీ పాడిన పాటలు కావు, పది కొత్త పాటలు. అసలు పాటలను తర్వాతి ఏళ్లలో ఒక్కొక్కటిగా వెతుక్కుంటూ వెళ్లాను. నా వినికిడి అంతా తలకిందులుగా జరిగింది. ఆ తీరులో విన్నవాడిగా చెబుతున్నాను: ఆనాటి సమీక్షల్లో రెండు తప్పు తీర్పులున్నాయి, ఒక సరైన తీర్పు ఉంది.

మొదటి తప్పు తీర్పు ఆ వెచ్చదనం సంగతి. ‘థండర్ రోడ్’ అసలు పాటను నేను 2009లో గానీ వినలేదు. మౌతార్గాన్, పియానో చల్లగా మొదలవుతాయి. వాకిట్లో మేరీ, రేడియోలో రాయ్ ఆర్బిసన్ పాట. కారెక్కు, ఈ ఊరు వదిలి వెళ్లిపోదాం అని పిలుస్తాడు కుర్రాడు. పాట పోనుపోను వేగం అందుకుని, చివర శాక్సఫోన్‌తో రోడ్డు మీదికి దూసుకుపోతుంది. వినగానే నిజంగా ఆశ్చర్యపోయాను. ఇంత ఆశ ఉన్న పాటా ఇది! టోర్టస్ చేసిన పాటలో ఆ వెలుగు లేదు. డ్రమ్ములు బరువుగా, సింథసైజర్ మబ్బు పట్టినట్టు, బాణీ మీద నీడ. అసలు పాటలో ఇంజన్ మోగుతూ ఉంటుంది. ఇక్కడ పిలిచేవాడికి, ఆమె రాదని ముందే తెలుసు. అయినా పిలుస్తున్నాడు. మాటలు అవే.

మనకు ఇది కొత్త విషయం కాదు. ‘నగుమోము’ కృతిని ఏ ధైవతంతో పాడాలన్న వాదన ఇప్పటికీ తెగలేదు. పూర్వం దాని రాగమైన ఆభేరిని శుద్ధ ధైవతంతో పాడేవారని, మన చెవికి అలవాటైంది చతుశ్రుతి ధైవతమని సంగీతం తెలిసినవాళ్లు చెబుతారు. ఒక్క స్వరం జరిగితే ఆ మొర వినిపించే తీరే మారిపోతుంది. రెండూ త్యాగయ్య మొరే. ఒకదాన్ని ఇంకొకదాని మీద పెట్టి కొలిచి, ఇది తక్కువ అనడం నాకు చేతకాదు.

నన్ను దుకాణంలో నిలబెట్టిన పాట నాలుగోది, ‘డేనియల్’. 1973లో ఎల్టన్ జాన్ పాడాడు, మాటలు బెర్నీ టాపిన్‌వి. అన్న విమానమెక్కి స్పెయిన్‌కు వెళ్లిపోతుంటే తమ్ముడు కింద నిలబడి ఆ ఎర్ర దీపాలను చూస్తుంటాడు. టాపిన్ రాసింది వియత్నాం యుద్ధంలో గాయపడి వచ్చిన సైనికుడి గురించి. ఆ సంగతి చెప్పే చివరి చరణాన్ని, పాట పొడవైపోతోందని ఎల్టన్ జాన్ తీసేశాడు. దాంతో అన్న కళ్లకు ఏమైందో, ఎందుకు వెళ్లిపోతున్నాడో తెలియకుండానే ప్రపంచమంతా ఆ మెత్తటి బాణీని పాడుకుంది. టోర్టస్ పాటలో ఆ మెత్తదనం లేదు, గరగర ఉంది. పాట మొత్తం కింద ఏదో యంత్రం తిరుగుతూనే ఉంటుంది. ఎత్తేసిన చరణమే ఈ గరగరగా వచ్చి కూర్చుందని నాకు అనిపిస్తుంది. వాళ్లు అలా అనుకుని చేశారని అనను. నాకు మాత్రం ఆ యుద్ధం వినిపిస్తుంది.

ఇంకొకటి కూడా ఉంది. 2007 ఆగస్టులో బేగంపేట విమానాశ్రయానికి అన్నయ్యే దిగబెట్టాడు. రాత్రంతా సూట్‌కేసులు ఎత్తి ఎత్తి తూకం చూసిన స్ప్రింగు కాటా అతని చేతిలోనే ఉండిపోయింది. నేను లోపలికి వెళ్లి వెనక్కి తిరిగి చూస్తే, జనంలో చెయ్యి పైకెత్తి ఊపుతున్నాడు, ఆ చేతిలో కాటా కొక్కెం వేలాడుతోంది. పాటలో వెళ్లేది అన్న, మా ఇంట్లో వెళ్లింది తమ్ముడు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ పాట మొదలైతే ముందు నాకు కనిపించేది ఆ కొక్కెమే.

పాటలకు పొంతన లేదన్న మాట కూడా నిలవదు. నాలుగైదేళ్లు విన్నాక గమనించాను. ‘థండర్ రోడ్’ ఊరు వదలమంటుంది. మినిట్‌మెన్ బృందం 1984 నాటి పాట పేరే ‘ఇట్స్ ఎక్స్‌పెక్టెడ్ ఐయామ్ గాన్’, నేను వెళ్లిపోయి ఉంటానని అందరూ అనుకునేదే. తర్వాత ‘డేనియల్’. ఆఖరున, క్విక్సాటిక్ బృందం పాట ‘ఆన్ మై ఓన్’, ఇక ఒంటరిగా. వెళ్లేవాళ్లూ మిగిలిపోయేవాళ్లూ ఈ ఆల్బమ్ నిండా ఉన్నారు. బ్రెజిల్, లండన్, కాలిఫోర్నియా, బాల్టిమోర్ అని పుట్టిన ఊళ్ల వరుస చూస్తే చెల్లాచెదురే. మాటలు వింటే కాదు.

మొదటి పాట బ్రెజిల్ గాయకుడు మిల్టన్ నసిమెంటోది, ‘క్రావో ఎ కనేలా’. లవంగం, దాల్చినచెక్క అని అర్థం. ఓల్డమ్ దాన్ని పోర్చుగీసులోనే పాడాడు. డ్రమ్ములు ఎక్కడా ఊపిరి తీసుకోనివ్వవు, వంట చేస్తూ వినడానికి ఇంతకంటే మంచి పాట నాకు తెలియదు. లంగ్‌ఫిష్ బృందం పాట ‘లవ్ ఈజ్ లవ్’, డాన్ విలియమ్స్ పాట ‘పాంచో’ కూడా బాగానే ఉంటాయి. మెలనీ 1971లో పాడిన ‘సమ్ సే ఐ గాట్ డెవిల్’ను ఓల్డమ్ ఆల్బమ్ మొత్తంలో అన్నిటికంటే దగ్గరగా, లోతుగా పాడాడు.

ఇక సరైన తీర్పు. గొంతును కప్పేశారన్న ఫిర్యాదు నూటికి నూరుపాళ్లు నిజం. ఏడో పాట, డీవో బృందానిది, ‘దట్స్ పెప్’, నాకు ఇప్పటికీ భరించడం కష్టం. వాయిద్యాలన్నీ ఒక్కచోట తోసుకుంటాయి, ఉత్సాహం గురించిన ఆ మాటలు రొదలో పడి నలిగిపోతాయి. నా పాత కారులో విన్నప్పుడు ఇంజన్ చప్పుడుకు సగం పాటల్లో మాటలే తెలిసేవి కావు. రాత్రిపూట హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నప్పుడు మాత్రం గొంతు ఎక్కడ కూర్చుందో తెలుస్తుంది, డ్రమ్ములకు వెనక, కొంచెం పక్కగా.

దీనికి ఎదురు ఉదాహరణ ఓల్డమ్ జీవితంలోనే ఉంది. ఆయన 1999లో రాసి పాడిన ‘ఐ సీ ఎ డార్క్‌నెస్’ను మరుసటి ఏడాదే అమెరికా గాయకుడు జానీ క్యాష్ పాడాడు, ఓల్డమ్ వెనక గొంతు కలిపాడు. అక్కడ వాయిద్యాలు వెనక్కి తగ్గి ముసలి గొంతుకు చోటిచ్చాయి. ప్రతి మాటా మన ఎదుట కూర్చుని చెప్పినట్టు ఉంటుంది. ఆ మర్యాద ఈ ఆల్బమ్‌లో ఓల్డమ్‌కు దక్కలేదు. టోర్టస్ పాడేవాళ్లతో అంతగా అలవాటు లేని బృందం. గొంతును కూడా మరో వాయిద్యంలా చూశారు. కొన్ని పాటల్లో అది అద్భుతం చేసింది, కొన్నింటిలో పాటనే తినేసింది. పదిహేనేళ్ల తర్వాత, 2021లో, ఓల్డమ్ బిల్ కలహన్ అనే గాయకుడితోనూ పాటకొక కొత్త కళాకారుడితోనూ కలిసి ‘బ్లైండ్ డేట్ పార్టీ’ చేశాడు. అందులో కూడా దాదాపు అన్నీ ఇతరుల పాటలే. గొంతులు ఎంత సుఖంగా ఉన్నాయో వింటే, పాత ఆల్బమ్‌లో ఏది లోపించిందో ఇంకా బాగా తెలిసింది. అయినా మళ్లీ మళ్లీ తీసేది పాతదాన్నే.

వినాలనుకునేవాళ్లకు ఒక మాట. ‘థండర్ రోడ్’ మీకు తెలియకపోతే, దయచేసి అసలు పాట వెతక్కండి, ముందు ఇది వినండి. ఆ అవకాశం ఒక్కసారే వస్తుంది. తెలిసినవాళ్లయితే నాలుగో పాటతో మొదలుపెట్టి, రెండోదాన్ని ఆఖరికి ఉంచుకోండి. చిన్న స్పీకర్లలో వద్దు, కింది స్వరాలన్నీ పోతాయి.

నా సీడీ మీద గీతలు పడి ‘పాంచో’ రెండు చోట్ల ఎగిరిపోతుంది. ఫోనులో పాట పూర్తిగానే వస్తుంది. కానీ ఆ రెండు చోట్లా నా చెవి ముందే సిద్ధమై, ఎగిరిపోయే క్షణం కోసం ఎదురుచూస్తుంది.