వాట్సాప్ గ్రూపా, సోమవారం అర్జీయా?

బడి కష్టాన్ని మన టీచర్లు వాట్సాప్ గ్రూపులో పెట్టాలా, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వాలా? 2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నుంచి 117వ జీవో వచ్చింది. కిలోమీటరు లోపు హైస్కూలుంటే 3, 4, 5 తరగతుల్ని అందులో కలపమంది. కాగితం మీద కిలోమీటరే. మా కోనసీమలో మధ్యలో పంట కాలువ అడ్డొస్తుంది, వంతెన ఎక్కడో ఉంటుంది. ఎనిమిదేళ్ల పిల్ల వానాకాలం జారే గట్టు మీద నడవాలి.

ఇలాంటిది బయటపెట్టడానికి వాట్సాప్‌ని మించింది లేదు. రాజోలులో తీసిన ఫొటో నిమిషాల్లో ముమ్మిడివరం చేరుతుంది. ఏకోపాధ్యాయ బడిలో ఒక్కతే ఉన్న టీచరమ్మకి ధైర్యం వస్తుంది. అయితే గుడ్ మార్నింగ్‌ల కింద అసలు సంగతి మునిగిపోతుంది. స్క్రీన్‌షాట్ ఎవరి చేతికి పోతుందోనన్న టెన్షన్ సరేసరి.

అమలాపురం కలెక్టరేట్‌లో అర్జీ అంటే సెలవు పెట్టాలి, వరుసలో నిలబడాలి. కానీ నంబరుతో రసీదు చేతికొస్తుంది. ఇక ‘మా దృష్టికి రాలేదు’ అనడానికి వీల్లేదు. పక్కన తల్లిదండ్రుల సంతకాలుంటే ఇది జీతాల గొడవ కాదని, పిల్లల గోడు అని ఎవరికైనా అర్థమవుతుంది.

నా ఓటు అర్జీకే. గ్రూపు ఆధారాలు పోగేయడానికి, అదీ పిల్లల ముఖాలూ పేర్లూ కనపడకుండా. 2025లో ఆ జీవో రద్దయింది. ఇప్పుడు చుట్టుపక్కల బడుల పిల్లల్ని ఒకచోట చేర్చే మోడల్ ప్రైమరీ స్కూళ్ల విషయంలోనూ కాలువ దాటే పిల్లల లెక్క మనమే రాసివ్వాలి.