కీల్‌తో పన్నెండేళ్లు: చిప్‌లో చోటుంది, లైసెన్సులో లేదు

ఈసీఈ చదివిన చాలామందిలాగే నేనూ మొదటి ఎల్ఈడీ వెలిగించింది 8051 అనే చిన్న చిప్ ల్యాబ్‌లో, చిప్‌లకు ప్రోగ్రాములు రాసే సాఫ్ట్‌వేర్ కీల్ మైక్రోవిజన్ మీదే. ల్యాబ్ అయిపోయాక కూడా దాన్ని వదల్లేదు. సరదాగా మొదలుపెట్టి పొలం మోటారు స్టార్టర్ దాకా తీసుకెళ్లాను. ఉచిత వెర్షన్‌తో బండి ఎంతదూరం నడుస్తుందో, ఎక్కడ ఆగుతుందో ఎవరూ నాకు ముందుగా చెప్పలేదు కాబట్టి ఇప్పుడు మొదలుపెట్టేవాళ్ల కోసం రాస్తున్నాను.

ముందు మంచి విషయం. దీని సిమ్యులేటర్ నాకు ప్రాణం. బోర్డు చేతిలో లేకుండానే పోర్టు పిన్నులు, టైమర్లు, సీరియల్ విండో అన్నీ స్క్రీన్ మీద కనిపిస్తాయి, ఒక్కో లైను నడిపించుకుంటూ రిజిస్టర్లు మారడం చూడొచ్చు. హాస్టల్ రూంలో బోర్డు లేని రోజుల్లో నేను ఇంటరప్టులు (చేస్తున్న పని ఆపి చిప్‌ను వేరే పనికి పిలిచే సంకేతాలు) నేర్చుకున్నది అలాగే. మనం రాసింది చిప్ భాషలోకి మార్చే కంపైలర్ కూడా చాలా పొదుపుగా కోడ్ తీస్తుంది. విండోస్ ఉంటేనే నడుస్తుంది, అది గుర్తుపెట్టుకోండి.

ఇక పరిమితి సంగతి. 8051 కోసం ఉండే సీ51 ఎవాల్యుయేషన్ వెర్షన్‌లో కోడ్ 2 కేబీ దాటకూడదు, అంటే 2048 బైట్లు. ల్యాబ్ ప్రోగ్రాములకు అది చాలు, అందుకే కాలేజీలో ఉన్నన్నాళ్లూ ఎవరికీ తెలియదు. నేను నాన్న కోసం జీఎస్ఎం మాడ్యూల్ (సిమ్ వేసుకునే చిన్న బోర్డు) పెట్టి, మిస్డ్ కాల్ ఇస్తే బోరు మోటారు ఆన్ అయ్యేలా చేద్దామనుకున్నప్పుడు మెసేజ్ తయారు చేయడానికి స్ప్రింట్‌ఎఫ్ అనే రెడీమేడ్ ఫంక్షన్ ఒకటి వాడాను, అంతే, కోడ్ సైజు పరిమితి దాటిందని లింకర్ (ముక్కలన్నీ కలిపి ప్రోగ్రామ్ తయారుచేసేది) ఆగిపోయింది. నా 8051 రకం చిప్ ఏటీ89ఎస్52లో ప్రోగ్రామ్ దాచుకునే ఫ్లాష్ మెమరీ 8 కేబీ ఉంది. ముప్పావు వంతు ఖాళీగా పడి ఉంది, వాడుకునే వీల్లేదు! స్ప్రింట్‌ఎఫ్ తీసేసి అంకెల్ని చేత్తో అక్షరాలుగా మార్చే నాలుగు లైన్ల ఫంక్షన్ రాసుకుని ఎలాగో 2 కేబీలో ఇరికించాను. ఆ నెల రోజుల్లో నేర్చుకున్న పొదుపు ఇప్పటికీ పనికొస్తోంది, అది నిజం. కానీ ఫేజ్ పోయిందో లేదో చూసే కోడ్ అందులో పట్టలేదు, మోటారు కాపాడేది అదే కదా.

అప్పుడు ఎస్‌డీసీసీ అనే ఇంకో కంపైలర్‌కి మారాను. పూర్తిగా ఉచితం, సైజు పరిమితి లేదు, లినక్స్‌లో కూడా నడుస్తుంది. మార్చుకోవడానికి మాత్రం ఒక ఆదివారం పట్టింది, ఎందుకంటే కీల్‌లో ఎస్‌బిట్, ఇంటరప్ట్ లాంటి మాటలు నేరుగా రాస్తాం, ఎస్‌డీసీసీలో వాటి ముందు రెండు అండర్‌స్కోర్లు పెట్టాలి, పిన్ను అడ్రస్ ఇచ్చే పద్ధతి కూడా వేరు. అదే ప్రోగ్రామ్ కొంచెం లావుగా వచ్చింది. రానివ్వండి, చిప్‌లో 8 కేబీ ఉంది, ఈసారి మొత్తం నాదే.

తర్వాత కోఠీ గుజరాతీ గల్లీలో ఒక బ్లూ పిల్ బోర్డు కొన్నాను. ఎస్‌టీఎం32 ఎఫ్103సీ8 చిప్, 64 కేబీ ఫ్లాష్. ఇందులో ఉండే ఆర్మ్ రకం ప్రాసెసర్ల కోసం కీల్ ఇచ్చే ఎండీకే ఉచిత వెర్షన్‌లో అప్పుడు 32 కేబీ దాకా ఒప్పుకునేది. 2 కేబీతో కుస్తీ పట్టినవాడికి అది సముద్రంలా అనిపించింది, తెలుగు అక్షరాలు పెట్టేదాకా.

నాన్నకు ఇంగ్లిష్ చదవడం రాదు. స్టార్టర్ డబ్బా మీద చిన్న ఓఎల్ఈడీ తెర పెట్టి "కరెంటు వచ్చింది", "ఒక ఫేజు లేదు" అని తెలుగులోనే చూపించాలి, మాట ఎప్పుడైనా మార్చుకునే వీలూ ఉండాలి. ఒక్కో అక్షరానికి 24 బై 24 చుక్కలు తీసుకున్నాను, అంటే 72 బైట్లు. 36 హల్లులకు 12 గుణింతాల చొప్పున 432 బొమ్మలు. మొత్తం 31,104 బైట్లు. ఒత్తులు ఇంకా కలపనేలేదు. 32 కేబీ అంటే 32,768. ఇక ప్రోగ్రామ్‌కు మిగిలింది 1,664 బైట్లు, పాత 8051కి దొరికిన 2 కేబీ కంటే కూడా తక్కువ! ఈ పరిమితి ఒక్క కోడ్‌కే కాదు, డేటాకు కూడా లెక్కే. రోమన్ లిపి అయితే వంద బొమ్మల్లోపే సరిపోతుంది కాబట్టి ఈ బాధ వాళ్లకు కనిపించదు. మన లిపి వాడేవాళ్లు ఫాంట్ సైజు ముందే లెక్కేసుకోండి.

దానికి దారి దొరికింది. గీత గీసింది లింకర్ గానీ చిప్ కాదు కదా. ఫాంట్‌ను వేరే ఫైలుగా చేసి ఫ్లాష్‌లో రెండో 32 కేబీ మొదలయ్యే చోట విడిగా బర్న్ చేశాను, ప్రోగ్రామ్ ఆ చోటి అడ్రస్ చెప్పే ఒక పాయింటర్‌తో అక్కణ్నుంచి చదువుకుంటుంది. మైక్రోలిబ్ (కీల్‌లోని చిన్న సైజు లైబ్రరీ) టిక్ పెట్టడం కూడా మర్చిపోకండి, లైబ్రరీ బరువు బాగా తగ్గుతుంది. కొందరు పెన్‌డ్రైవ్‌లో క్రాక్ పెట్టుకుని తిరుగుతుంటారు, నాకూ ఇవ్వబోయారు. వద్దన్నాను. ఉచితంగా సరైన దారులు ఇన్ని ఉండగా దొంగ కీ అక్కర్లేదు, పైగా ఆ ఫైల్లో ఇంకేముందో ఎవరికి తెలుసు?

అన్నట్టు, "సైజు లిమిట్ లేదు" అన్న మాట చూసి కూడా ఆగిపోకండి. మధ్యలో వేరే చిప్పుల కోసం నేను వాడిన ఒక కంపైలర్‌లో పరిమితి నిజంగానే లేదు, కానీ అప్పట్లో ఉచిత మోడ్‌లో ఆప్టిమైజేషన్ (కోడ్‌ను కుదించే పని) ఆపేసి ఉండేది. కోడ్ ఉబ్బిపోయి చిప్పే నిండిపోయింది. ఫలితం అదే.

తర్వాత కీల్ కమ్యూనిటీ ఎడిషన్ వచ్చింది. ఆర్మ్ చిప్‌లకు ఇందులో సైజు పరిమితి లేదు, నెట్ ద్వారా యాక్టివేట్ చేసుకుంటే చాలు. ఫాంట్‌ను మళ్లీ కోడ్‌లో కలిపేశాను, ఒత్తులతో సహా. చాలా సంతోషమేసింది. సరిగ్గా అప్పుడే పక్క పొలం బాబాయి, ఇంకో ఇద్దరు "మాకూ చేసిపెట్టరా, డబ్బులిస్తాం" అన్నారు. ఆ రాత్రి లైసెన్సు మొదటిసారి పూర్తిగా చదివాను. కమ్యూనిటీ ఎడిషన్ వ్యాపారానికి కాని పనులకు మాత్రమే. నాన్న పొలానికి చేస్తే సరే, మూడు డబ్బాలు అమ్మితే కుదరదు. బైట్లు దాటితే లింకర్ చెబుతుంది, ఈ గీత దాటితే స్క్రీన్ మీద ఏ ఎర్రర్ రాదు, మనమే చదివి తెలుసుకోవాలి.

అందుకే అమ్మేవాటిని ఆ చిప్ తయారుచేసే ఎస్‌టీ కంపెనీ ఉచిత సాఫ్ట్‌వేర్ ఎస్‌టీఎం32 క్యూబ్ఐడీఈకి మార్చాను. 2019లో వచ్చింది, లోపల ఉన్నది జీసీసీ అనే ఉచిత కంపైలర్, సైజు పరిమితి లేదు, ఎస్‌టీ చిప్‌లకు పనిచేస్తుంది. జీసీసీ జీపీఎల్ (కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచాలనే లైసెన్సు) కింద ఉంది కాబట్టి మన కోడ్ కూడా బయటపెట్టాలేమో అని చాలామందికి టెన్షన్. అక్కర్లేదు, మన ప్రోగ్రామ్‌లో కలిసే దాని రన్‌టైమ్ లైబ్రరీకి ప్రత్యేక మినహాయింపు ఉంది, తయారైన ప్రోగ్రామ్‌ను మూసిపెట్టి అమ్ముకోవచ్చు. మైక్రోలిబ్‌కు బదులు ఇక్కడ న్యూలిబ్-నానో పెట్టుకోవాలి, లేకపోతే ప్రింట్‌ఎఫ్ ఒక్కటే బోలెడు చోటు తినేస్తుంది.

ఇప్పుడు నా లాప్‌టాప్‌లో రెండూ ఉన్నాయి. నేర్చుకోవడానికి, తప్పు ఎక్కడుందో వెతకడానికి ఈరోజుకీ ముందు కీల్ తెరుస్తాను. మా ఇంటర్ చదివే మేనల్లుడికి నేర్పుతున్నదీ దాంట్లోనే. బాబాయి పొలంలో నడుస్తున్నది మాత్రం జీసీసీతో చేసిన కోడ్, అతను మొన్న ఫోన్ చేసి, ఫేజు పోయినప్పుడు ఏ ఫేజు పోయిందో కూడా తెలుగులో చూపించమన్నాడు. ఇంకా 11 కేబీ మిగిలే ఉంది, ఈ వారం కూర్చుంటాను.