మద్దతులకు మార్కులు: ఫైవ్‌థర్టీఎయిట్ పట్టికపై సమీక్ష

అమెరికా అధ్యక్ష ప్రైమరీల్లో (పార్టీలు తమ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికల్లో) ఏ నాయకుడు ఎవరిని బలపరిచాడో లెక్కగట్టి చూపిన, ఎన్నికల విశ్లేషణ సైటు ఫైవ్‌థర్టీఎయిట్ వారి మద్దతుల పట్టిక, ఆ సంస్థను ఏబీసీ న్యూస్ 2025 మార్చిలో మూసివేసేదాకా, ఎన్నికలను గమనించేవారికి చక్కని సాధనంగా ఉండేది. 2016 పోటీలో గవర్నరు మద్దతుకు 10, సెనేటరుకు 5, ప్రతినిధుల సభ సభ్యునికి 1 చొప్పున మార్కులు వేశారు. లెక్క సులువు, ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది.

అయితే ఆ ఏడాది న్యూ హాంప్‌షైర్, దక్షిణ కరోలినా, నెవాడాల్లో వరుసగా గెలిచేనాటికి ట్రంప్‌కు ఒక్క గవర్నరూ, ఒక్క సెనేటరూ అండగా నిలవలేదు. న్యూజెర్సీ గవర్నరు క్రిస్ క్రిస్టీ, అలబామా సెనేటరు జెఫ్ సెషన్స్ ఆ తర్వాతే, ఫిబ్రవరి చివర్లో ఆయన పక్షాన చేరారు. దీన్నిబట్టి మద్దతులకు విలువ లేదనడం తొందరపాటే అవుతుంది. రిపబ్లికన్ పెద్దల్లో చాలామంది అప్పటికి ఎవరినీ బలపరచకుండా గోడమీద పిల్లుల్లా కూర్చున్నారు. ఆ మౌనమే అసలు సమాచారం, కానీ మౌనానికి మార్కులు వేసే గడి ఈ పట్టికలో లేదు.

2020లో పెద్ద నగరాల మేయర్లు మొదలైనవారిని చేర్చి పరిధిని విస్తరించడం మెచ్చదగిన మార్పు. ఫిబ్రవరి 26న దక్షిణ కరోలినాకు చెందిన ప్రతినిధుల సభ సభ్యుడు జిమ్ క్లైబర్న్ బైడెన్‌ను బలపరిచారు. మూడు రోజులకే దక్షిణ కరోలినాలో బైడెన్ ఘనవిజయం సాధించారు. నల్లజాతి ఓటర్లలో క్లైబర్న్‌కు ఉన్న పలుకుబడిని మాత్రం పదవిని బట్టి వేసే మార్కులు పట్టుకోలేవు.