ఇండక్షన్ నుంచి గ్యాస్‌కి: రెండేళ్ల తర్వాత మా వంటింటి వైరింగ్

తిరుపతి కొర్లగుంటలో మాది పాత ఇల్లు. చాలాకాలం ఇండక్షన్ మీదే వండి గ్యాస్ హాబ్‌కి (గట్టులో బిగించే పొయ్యి) మారాం, రెండేళ్లు దాటింది. హాబ్ బాగుంది. సంగటి గెలికేటప్పుడు గాజు మీద గిన్నె జారే బాధ తప్పింది. నేను చెప్పాలనుకున్నది మాత్రం వైరింగ్ గురించి.

"అక్కా, ఈ లావు వైరు ఇంక దేనికి, పీకేద్దామా?" అన్నాడు ఎలక్ట్రీషియన్. వద్దన్నాను. మెయిన్ బాక్స్ నుంచి విడిగా లాగిన 4 స్క్వేర్ ఎంఎం లైన్ అది, 20 ఆంప్స్ ఎంసీబీతో (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్). 2000 వాట్ల ఇండక్షన్ 9 ఆంప్స్ దాకా లాగేది. చిమ్నీ, మిక్సీ రెండూ కలిపినా అంత లాగవు. అందుకే వాటిని ఈ లైన్ మీదికే తెచ్చాం. సాకెట్ 16 ఆంప్స్‌దే కాబట్టి ఎంసీబీ కూడా 16కి మార్పించాను. ఆ లైన్ నుంచి చిమ్నీకి 1.5 స్క్వేర్ ఎంఎం సన్నవైరు కలపబోతుంటే ఆపి 2.5 వేయించాను. ఎంసీబీ ట్రిప్ అయ్యేలోపు సన్నవైరు కాలిపోతే ఇంక అదెందుకు?

అన్నిటికన్నా ముఖ్యం గట్టు కింది సాకెట్. ఇండక్షన్ ప్లగ్ అక్కడే ఉండేది, ఇప్పుడు సిలిండర్ పెట్టేదీ అక్కడే. వంటగ్యాస్ గాలికన్నా బరువు. లీకైతే నేలబారునే పరుచుకుంటుంది, స్విచ్ వేసినప్పుడు వచ్చే చిన్న రవ్వ చాలు. "స్విచ్ తీసేసి మూత బిగిస్తాలే" అంటే ఒప్పుకోలేదు. వైర్లు పై జంక్షన్ దాకా వెనక్కి లాగించి, బోర్డును గట్టు పైకి, పొయ్యికి పక్కగా మార్పించాను. సరిగ్గా పొయ్యి పైన పెడితే తాలింపు జిడ్డుకి స్విచ్‌లు బిగుసుకుపోతాయి. సిలిండర్ అర తలుపుకి అడుగున జాలీ కూడా పెట్టించాం.

నచ్చనిది, గాడి కొట్టిన చోట టైల్స్. రంగు కలిసేవి దొరకలేదు, అతుకు ఇప్పటికీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇంకోటి, మొదటి వారంలోనే చిమ్నీ రేకు తాకితే జివ్వుమనేది. విప్పి చూస్తే బోర్డులో ఆకుపచ్చ ఎర్త్ వైరు దేనికీ కలపకుండా వేలాడుతోంది! పనివాళ్లు వెళ్లకముందే ఎర్త్ చూపించమనండి. 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) లేకపోతే ఆ పనిలోనే పెట్టించేయండి.

మా హాబ్ వెలిగేది బ్యాటరీతో కాబట్టి ఎండాకాలం కరెంటు పోయినా వంట ఆగదు. పాత ఇండక్షన్ అటక మీదుంది. రీఫిల్ ఆలస్యమైతే దించి, ఆ 16 ఆంప్స్ సాకెట్‌కే తగిలించి పాలు కాస్తాను. పక్కన చిమ్నీ తిరుగుతున్నా ఎంసీబీ ఒక్కసారీ పడలేదు.