విన్ స్కల్లీ, హ్యారీ కేరీ: ఎవరి కామెంటరీ వారిదే

అమెరికా బేస్‌బాల్ కామెంటరీలో ఇద్దరూ ఉద్దండులే. తీరులో మాత్రం పోలికే లేదు.

స్కల్లీ 1950 నుంచి 2016 దాకా, ఏకంగా 67 సీజన్లు, డాడ్జర్స్ జట్టుతోనే ఉన్నారు. 1958లో జట్టు బ్రూక్లిన్ వదిలి లాస్ ఏంజెలెస్ వెళ్తే ఆయనా వెళ్లారు. అక్కడి కొలీసియం స్టేడియం మరీ పెద్దది. వెనక సీట్ల వాళ్లు ట్రాన్సిస్టర్ రేడియో తెచ్చుకుని, కళ్లెదుట జరిగే ఆటనే ఆయన గొంతులో వినేవారు! పక్కన తోడు వ్యాఖ్యాత లేకుండా ఒక్కరే చెప్పుకుపోవడం ఆయన పద్ధతి. 1974లో బ్యాటర్ హ్యాంక్ ఆరన్ 715వ హోమ్‌రన్‌తో (మన సిక్సర్ లాంటిది) పాతతరం దిగ్గజం బేబ్ రూత్ రికార్డు దాటినప్పుడు మాత్రం కాసేపు నోరు మెదపలేదు, జనం కేకలే వినిపించారు. అంత టెన్షన్‌లో ఊరుకోవడం ఎందరికి చేతనవుతుంది?

కేరీ ఊరుకునే రకం కాదు. సెయింట్ లూయిస్‌లో పాతికేళ్లు, ఓక్లాండ్‌లో ఒక్క ఏడాది, తర్వాత షికాగోలో ముందు వైట్ సాక్స్ జట్టుతో, 1982 నుంచి కబ్స్ జట్టుతో. గ్యాలరీలో అభిమానిలా "హోలీ కౌ!" అని అరిచేవారు, సొంత జట్టు చెత్తగా ఆడితే మొహమాటం లేకుండా కడిగేసేవారు. ఏడో ఇన్నింగ్స్ మధ్యలో మైకు పట్టుకుని స్టేడియమంతటితో పాట పాడించేవారు. శ్రుతి సంగతి అడక్కండి.

సందడి కావాలంటే కేరీ. బేస్‌బాల్ ఓనమాలు తెలియని మనలాంటి వాళ్లు మాత్రం స్కల్లీతో మొదలుపెట్టడమే మేలు.